మార్తమ్మ పిడికెడు

"ఏమమ్మా, తిన్యారా? తినకుంటే పోయి తినండి. తినింటే ఇంగొక ముద్ద తినండి."

ఈ మాటలు అన్నది సంతోషమ్మ. కానీ గొంతు ఆమెది కాదు, ఆమె అత్త మార్తమ్మది. మార్తమ్మ కన్నుమూసి అప్పటికి నాలుగో ఏడు నడుస్తోంది.

వంటింటి కిటికీకి పాత బొంత అడ్డం కట్టి, రోడ్డు మీది ట్రాక్టర్ల చప్పుడు లోపలికి రాకుండా చేసి, సంతోషమ్మ కోడలు ఆరాధన ఫోనులో వీడియో తీస్తూ ఎదురుగా కూర్చునేది. ఫోనులో సంతోషమ్మ ముఖం ఎప్పుడూ పడదు. చేతులు మాత్రమే కనిపిస్తాయి. శెనగ్గింజలు వేయించే చేతులు, రోట్లో ఎండుమిరపకాయలు దంచే చేతులు, చివర్లో పిడికిట్లో బియ్యం పట్టి దుత్తలో, చిన్న మట్టికుండలో, వదిలే చెయ్యి. వాటి మీదుగా జేజి గొంతు, నాయనమ్మ మార్తమ్మ గొంతు, వినిపిస్తుంది. చూసే జనం ఆ చేతులూ ఆ గొంతూ ఒకే మనిషివి అనుకున్నారు. అవునని వీళ్లు చెప్పలేదు, కాదనీ చెప్పలేదు.

మొదలైంది చిన్నగానే. జమ్మలమడుగు నుంచి గండికోటకు పోయే దారిలో వాళ్ల ఊరు. కోట చూడవచ్చే కార్లవాళ్లకు అమ్ముకుందామని కొడుకు క్రాంతి కుమార్ రోడ్డు పక్కన బంకు పెట్టాడు. శెనగ్గింజల పొడి, నువ్వుల పొడి, ఉలవల పొడి. కార్లు దుమ్ము లేపుకుంటూ పోయేవే తప్ప ఆగేవి కావు. అప్పుడు కొత్తగా కాపురానికి వచ్చిన ఆరాధన అంది:

"పొడి యాడైనా దొరుకుతాది అత్తా. పొడి అమ్మితే మన దగ్గరికే రావాలని ఎవురికుంటాది? మనం ఒక మనిషిని పరిచయం చెయ్యాల. రోజూ ఆ మనిషి మాట కోసరం ఎదురుచూసేటట్ల చేస్తే, వాళ్లు మనల్ని ఇడిసి యాడికీ పోరు."

"యా మనిషినమ్మా?"

"మొన్న జేజి మాదిరి మాట్లాడి నన్ను నవ్వించినావే, ఆ మనిషిని."

అత్త గొంతు పెట్టడం సంతోషమ్మకు పెళ్లయిన కొత్తల్లో అబ్బిన విద్య. మార్తమ్మకు ముందరి పన్ను ఒకటి లేదు. ప్రతి మాట వెనకా సన్నటి ఈల ఒకటి వచ్చేది. పొయ్యి దగ్గర కూర్చుని సంతోషమ్మ ఆ ఈలతో సహా మాట్లాడుతుంటే భర్త దాసన్న పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఒకసారి మార్తమ్మే గుమ్మంలో నిలబడి అంతా విన్నది. కోడలు బిగుసుకుపోయింది. ముసలామె కోప్పడలేదు. "బాగుండాదే. నేను పోయినాక నా పని గూడా నువ్వే చూసుకుందువులే" అని రోకలి తీసుకుని పోయింది.

ఆ మాట ఇప్పుడు తలచుకుంటే సంతోషమ్మకు నవ్వు రావడం లేదు.

ఆరాధన జేజి కథలు చెప్పించింది. ఏ కథా కల్పించింది కాదు. వాన పడని ఏళ్లలో మార్తమ్మ పెన్న ఇసకలో చెలమ తవ్వి నీళ్లు తెచ్చిన కథ. బండలు కొట్టే పనికి పోయి చంటిబిడ్డను తట్టలో పడుకోబెట్టిన కథ. అన్నిటికన్నా ఎక్కువగా పిడికెడు కథ. ఆ ఊరి క్రైస్తవుల ఇళ్లలో తాతల నాటి నుంచీ ఒక అలవాటు ఉంది. వంటకు గింజలు కొలిచినప్పుడల్లా అందులోంచి ఒక పిడికెడు తీసి దేవుని పేర దుత్తలో వేస్తారు. ఆదివారం ఆ దుత్త చర్చికి తీసుకుపోయి గంపలో కుమ్మరిస్తారు. ఇంట్లో జొన్న సంకటికి కూడా చాలని రోజుల్లో సైతం మార్తమ్మ చెయ్యి ఆ పిడికెడు తీయడం మానలేదు. అందుకే పొట్లాల మీద మూసిన పిడికిలి బొమ్మ వేయించి, పేరు 'మార్తమ్మ పిడికెడు' అని పెట్టారు.

జనం కట్టుబడిపోయారు. పొడి కోసం కాదు, జేజి కోసం. పొద్దున జేజి మాట వినకపోతే ముద్ద దిగడం లేదని అనంతపురం నుంచి ఒకామె రాసింది. పరీక్ష రాయబోయే పిల్లలు జేజిని దీవించమని అడిగారు. బిడ్డకు జ్వరమొస్తే ఏం పెట్టాలని అడిగారు. మొగుడు కొడితే ఏం చేయాలని కూడా అడిగారు. ఆరాధన అవన్నీ చదివి వినిపించేది. సంతోషమ్మ అత్త అయితే ఏమంటుందో ఆలోచించి, ఆ గొంతుతోనే జవాబు చెప్పేది. ముందు ఆలోచించి చెప్పేది. తర్వాత తర్వాత ఆలోచించకముందే జవాబు వచ్చేది.

ఆ వేళకు దాసన్న ఇంట్లో ఉండేవాడు కాదు. గొడుగు పట్టుకుని ఎండలోకి పోయేవాడు.

"యాడికి పోతాండావు, ఈ ఎండలో?"

"ఏమే, పడుచుతనంలో నవ్వొచ్చేది. ఇప్పుడు మా యమ్మతో కాపురం చేస్తాండట్ల ఉండాది నాకు. అయిపోయినాక పిలువు, వస్తా."

అయిపోవడమే కష్టమైంది. ఫోను ఆపేశాక కూడా ఈల మిగిలేది. సంతోషమ్మకు పళ్లన్నీ ఉన్నాయి. అద్దంలో చూసుకుంది, నాలుకతో తడిమి చూసుకుంది. ఎక్కడా సందు లేదు. అయినా మేకను అదిలిస్తే ఈల, పక్కింటామెతో మాట్లాడితే ఈల.

ఒక శుక్రవారం ఆడవాళ్ల కూటంలో ప్రార్థన చేసే వంతు ఆమెకు వచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని, కొంగు నెత్తిన వేసుకుని, "తండ్రీ" అంది. వచ్చింది మార్తమ్మ గొంతు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సంతోషమ్మ గొంతు సవరించుకుని మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ ఆ గొంతే. ఈసారి ఎవరూ నవ్వలేదు. మార్తమ్మను ఎరిగిన ముసలామె ఒకతె కళ్లు తెరిచి చూసింది. సంతోషమ్మ ప్రార్థన మధ్యలోనే ఆపేసింది.

ఆ రోజు నుంచీ ఆమె పైకి ప్రార్థన చేయలేదు. లోలోపల చేద్దామన్నా, మనసులో వినిపించేది కూడా ఆ ఈలే. చిన్నప్పుడు పేరు పెట్టి దీవించిన దేవునికి తన గొంతు తెలుసు. ఇప్పుడు పోయి అడిగేది ఎవరని ఆయన అనుకుంటున్నాడో? ఈ మాట చర్చి అయ్యగారిని అడగడానికి నోరు రాలేదు. నోరు తెరిస్తే ఏ గొంతు వస్తుందో నమ్మకం లేదు మరి.

కోతల పండుగ దగ్గరపడింది. చర్చి అంతా చెరకు గడలూ జొన్న కంకులూ కట్టే పండుగ. దానికి ముందు ఆరాధన పిడికెడు కథ మరొకసారి చెప్పిద్దామంది. చివరి మాట కూడా రాసిచ్చింది: "మీరూ వండేటప్పుడు దేవునికి ఒక పిడికెడు తీసిపెట్టండమ్మా."

సంతోషమ్మ బియ్యం పిడికిట్లో పట్టింది. దుత్త మీదికి చెయ్యి చాపింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. నోరు మాత్రం ఆగలేదు.

"నా పిడికెడు యాడమ్మా? ఇన్నేండ్లు తీసిపెట్నా. నాకాకలైతాండాది. నా పిడికెడు నాకీండి."

ఆరాధన ఫోను దించి కళ్లు తుడుచుకుంది. "యా మాటన్నావు అత్తా! నేను రాసిండేదానికన్నా శానా బాగుండాది. ఇదే పెడదాం."

సంతోషమ్మ గోడకు ఆనుకుంది. ఆ మాట ఆమె పుట్టించింది కాదు. మార్తమ్మ కడపటి రోజుల మాట అది. అప్పటికి ముసలామెకు మతి ఒకరోజు ఉండేది, ఒకరోజు ఉండేది కాదు. మతి లేని రోజున దుత్త పక్కన కూర్చుని సరిగ్గా ఆ మాటే అనేది. వేరే అన్నం పెడితే తోసేసేది. "ఇది కాదు, నాది ఈయండి" అని దుత్తను చూపించేది. సరేనని దాసన్న దుత్త మీద చెయ్యి వేయబోతే, అంతలో మతి వచ్చేది. "తాకొద్దురా, దేవుని సొమ్ము. నేనేమన్నా పట్టించుకోవద్దండి" అని ఒట్టు పెట్టించుకునేది. ఇద్దరు మార్తమ్మల్లో ఎవరి మాట వినాలో తెలియక, తెలివిలో ఉన్నామె మాటే విన్నారు. ముసలామె ఆకలి అంటూనే పోయింది. కొడుకు అప్పుడు పనికి పైవూళ్లో ఉన్నందున, ఈ సంగతి ఆలుమగలు ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. కోడలికి కూడా చెప్పలేదు. పదిమంది మెచ్చే భక్తితో, మంచి సాక్ష్యంతో బతికిన మనిషిని కడపటి మాటతో ఎందుకు చిన్నబుచ్చాలి అనుకున్నారు.

"అది తీసెయ్యమ్మా" అంది సంతోషమ్మ. గొంతులోంచి వచ్చిందో లేదో, ఆరాధనకు వినబడలేదు. అప్పటికే పెట్టేసింది.

వారం తిరగకముందే మొదటి మూట వచ్చింది. పాత చీర పేలికలో పిడికెడు బియ్యం, దారంతో ముడి. 'జేజికి' అని రాసి ఉంది. తర్వాత మూటలే మూటలు. సోనామసూరి, దొడ్డు బియ్యం, ఎర్ర బియ్యం, కొర్రలు. పసుపు బట్టలో కట్టినవి, పిల్లల చొక్కా జేబులో పోసి కుట్టినవి. వండే ముందు జేజికి పిడికెడు తీసి పక్కన పెట్టనిదే పొయ్యి వెలిగించడం లేదని జనం రాశారు. ఒకామె ఇంట్లో జేజి వచ్చి గడపలో కూర్చున్నట్టు అనిపించిందట. భయం వేయలేదట.

"దేవుని పిడికెడు మా యమ్మ పిడికెడు అయిపోయిందే" అన్నాడు దాసన్న, మూటల మధ్య నిలబడి. ఈసారి అతను నవ్వించడానికి అనలేదు.

సంతోషమ్మ ఒక గంపెడు మూటలు మోసుకుని అయ్యగారి దగ్గరికి పోయింది. యేసుప్రసాద్ అయ్యగారు వయసులో చిన్నవాడు, మెత్తనివాడు. గంపలోంచి ఒక మూట చేతిలోకి తీసుకున్నాడు.

"ఇవి దేవుని పేర తీసినవా అమ్మా, మార్తమ్మ పేర తీసినవా?"

ఆమె తల వంచుకుంది. ఆ మూట మీద 'జేజికి' అని రాసింది చూపించింది.

"చనిపోయినోళ్ల పేర తీసింది చర్చిలో దేవుని బల్ల ముందర పొయ్యలేనమ్మా. పంపినోళ్లది తప్పని చెప్పేంత తెలివి నాకు లేదు. ఆకలైనోళ్లకు పెట్టాలనుకుంటే తప్పెట్లయితాది? కానీ ఈడ పొయ్యలేను. మీరే ప్రార్థన చేసి ఏం చెయ్యాలో అడగండి."

ప్రార్థన చేసి అడగమన్నాడు. ఆ ఒక్కటే చేతకానిది.

మూటలు నడవలో గోడ వారన పేరుకున్నాయి. మిట్టమధ్యాహ్నం ఊరంతా తలుపులేసుకుని పడుకున్న వేళ, నడవలో గింజలు రాలే చప్పుడయ్యేది. దుత్తలో పిడికెడు వదిలితే ఎట్లా ఉంటుందో అట్లా. పోయి చూస్తే ఒక మూట ముడి సడలి, నేల మీద కాసిని గింజలు. ఏరి మళ్లీ కట్టేది. మర్నాడు మరో మూట. ఎలుకలని దాసన్న బోను పెట్టాడు. బోను ఖాళీగానే ఉంది.

అట్లాంటి ఒక మధ్యాహ్నమే రామసుబ్బమ్మ వచ్చింది. రాయచోటి నుంచి బస్సులు మారి, ఊళ్లో దారి అడుక్కుంటూ వచ్చింది. నలభై దాటిన మనిషి, నుదుట రూపాయి బిళ్లంత బొట్టు, చేతిలో కొంగున కట్టిన పిడికెడు బియ్యం. గుమ్మంలోనే చెప్పులు విడిచింది.

"జేజి ఉండాదా అమ్మా? ఒకసారి చూసిపోతా. ఇబ్బంది పెట్టను."

లోపలి నుంచి ఆరాధన కంగారుగా వచ్చింది. "జేజి పడుకోని..." అనబోయి ఆగింది. ఇంతవరకూ చెప్పని అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె అత్త ముఖం చూసింది.

"రామ్మా, కుచ్చో. నీళ్లు తాగు" అంది సంతోషమ్మ.

రామసుబ్బమ్మ చెంబు చేతిలోనే పట్టుకుని ఉండిపోయింది. ఈల విన్నది. "నువ్వేనా జేజీ? ఇంత చిన్నదానివా?" అని గబగబా వచ్చి సంతోషమ్మ పాదాల మీదికి వంగింది. సంతోషమ్మ వెనక్కి జరిగితే గోడ తగిలింది.

"మొక్కొద్దు, మొక్కొద్దమ్మా!"

"మొక్కనీ జేజీ. నాకు ఇరవై ఏండ్లు నిండకముందే పెండ్లి చేసిరి. అప్పట్నుంచీ అందరికీ పెట్టి, అడుగున మిగిలింది నేను తింటాండా. మిగలకుంటే లేదు. అది మా ఇంట్లో ఎవురికీ తెలీదు. నేను గూడా అడగొచ్చని నాకే తెలీదు. నువ్వు ఆ పొద్దు నాకాకలైతాండాది, నా పిడికెడు నాకీండి అంటివి చూడు. అంత దేవుని మనిషి నోరు తెరిచి అడిగిందే అని నేను పొయ్యి ముందర కూచ్చోని ఏడిస్తి. ఆ పొద్దు మొదటిసారి అందరికన్నా ముందర తింటి." కొంగు ముడి విప్పి బియ్యం చాచింది. "ఇది నీది. తీసుకో."

సంతోషమ్మ గొంతులో ఆ జవాబు సిద్ధంగా ఉంది. జేజి మాట, జేజి ఈల. 'సల్లగుండు తల్లీ' అంటే చాలు, ఈమె సంతోషంగా బస్సెక్కుతుంది. మరో పదిమందికి చెబుతుంది. జేజి ఇంకా గట్టిగా బతుకుతుంది. సంతోషమ్మ మాత్రం ఇక ఎప్పటికీ ఆ గొంతు వెనకే ఉండిపోతుంది.

ఆమె పెదవులు బిగించింది. తర్వాత, కొత్తగా మాటలు నేర్చేవాళ్లలా, ఒక్కొక్కటే బయటికి తెచ్చింది.

"నేను జేజిని కాదమ్మా. ఆమె కోడల్ని. సంతోషమ్మ నా పేరు. మా అత్త పోయి నాలుగేండ్లు."

ఆరాధన కళ్లు మూసుకుంది. రామసుబ్బమ్మ చాచిన చెయ్యి అట్లాగే ఉంది.

"మరి ఆ మాట?"

"ఆ మాట ఆమెదే. చచ్చిపోయే ముందర అడిగింది. మేము ఈలేదు. ఈయొద్దని గూడా ఆమే ఒట్టు పెట్టించుకునింది. ఏది ఆమె మాటో మాకు తెలీకపాయ. ఆకలితోనే పాయ మా అత్త."

వాకిట్లో గొడుగు మూసి నిలబడిన దాసన్న అదంతా విన్నాడు. అతను లోపలికి వచ్చి, తువ్వాలతో ముఖం తుడుచుకుని, నడవలోని మూటలకేసి చూశాడు.

సంతోషమ్మ లేచింది. ఒక్కో మూట ముడి విప్పి పెద్ద గిన్నెలో పోయసాగింది. దాసన్న కూర్చుని తనూ విప్పాడు. ఆరాధన వచ్చింది. రామసుబ్బమ్మ తన పిడికెడు అన్నిటికన్నా చివర పోసింది. సన్నవీ దొడ్డువీ ఎర్రవీ అన్నీ కలిసిపోయాయి. గిన్నె నిండాక, అలవాటు కొద్దీ దుత్త కోసం చెయ్యి చాపి, సంతోషమ్మ మళ్లీ వెనక్కి తీసుకుంది. పొయ్యి వెలిగించింది.

అన్నం ఉడుకుతుండగా ఆరాధన ఫోను తెచ్చింది. "ఇప్పుడు చెప్పిందే ఇంగొకసారి చెప్పు అత్తా. ముఖం గూడా తీస్తా."

"జనం పోతారేమోనమ్మా. బువ్వ పెట్టే పని ఇది మనకు."

"పోతారు. శానామంది పోతారు." ఆరాధన రామసుబ్బమ్మ వైపు చూసింది. "ఈయమ్మ పోలేదు గదా ఇంకా."

సంతోషమ్మ చెప్పింది. మొదట్లో ఈల వచ్చింది. వచ్చినప్పుడల్లా ఆగి, మళ్లీ చెప్పింది. దాసన్న ఈసారి ఎండలోకి పోలేదు.

అన్నం ఒక తీరుగా ఉడకలేదు. సన్న గింజలు మెత్తబడ్డాయి, దొడ్డువి పలుకుగా ఉన్నాయి, కొర్రలు అక్కడక్కడా తగులుతున్నాయి. క్రాంతి కుమార్ బంకు దగ్గరే ఉన్నాడు; నలుగురూ నేల మీద కూర్చున్నారు. శెనగ్గింజల పొడి, నెయ్యి పెట్టుకున్నారు. సంతోషమ్మ కొంగు నెత్తిన వేసుకుని కళ్లు మూసుకుంది. నోరు తెరవడానికి భయపడింది. చివరికి తెరిచింది.

"తండ్రీ, ఇది ఎవురి పేర వచ్చిందో నీకు తెల్సు. మా అత్తకు నువ్వు పెట్నావో లేదో మాకు తెలీదు. పెట్టింటావనే అనుకుంటాండాం. పెట్టకుంటే, పెట్టు. ఆమేన్."

బొంగురు గొంతు. తుప్పుపట్టిన గొంతు. తన గొంతే. అందరూ ఆమేన్ అన్నారు.

అందరూ అన్నాక, ఒక క్షణం ఆగి, ఇంకో ఆమేన్ వినబడింది.

విస్తట్లోకి పోబోయిన దాసన్న చెయ్యి మధ్యలోనే ఆగింది. చర్చిలో అందరిదీ అయిపోయాక ఒక్కటే ఆలస్యంగా, నిదానంగా పలికే ఆమేన్ అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. పిల్లలంతా వెనక్కి తిరిగి చూసి నవ్వుకునేవారు, మార్తమ్మ ఆమేన్ అని.

సంతోషమ్మ కళ్లు తెరిచింది. అన్నది రామసుబ్బమ్మ. ఎప్పుడు అనాలో తెలియక, అందరూ అన్నది విని, తర్వాత అన్నది. సిగ్గుపడుతూ చూస్తోంది. "తప్పుగా అంటినా?"

"లేదమ్మా" అంది సంతోషమ్మ.

రామసుబ్బమ్మ తన విస్తట్లోంచి ఒక పిడికెడు అన్నం తీసి, రోజూ జేజికి తీసినట్టే, పక్కన పెట్టబోయింది. దాసన్న ముందుకు వంగి, ఆ చెయ్యి కింద తన అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"తీసిపెట్టొద్దమ్మా" అన్నాడు. "ఈ పొద్దు తినేయ్."

ఆమె అతని ముఖం చూసింది. ఎందుకో అడగలేదు. పిడికిలి నోటి దగ్గరికి తీసుకుపోయింది. ఆమె నమిలి మింగేదాకా మిగతా ముగ్గురూ విస్తట్లో చెయ్యి పెట్టలేదు.